గిన్నెలో మిగిలే సెంటు భూమి: ఇంట్లో అన్నం, కూరలు వృథా కాకుండా చూసుకునే విధం

ఇంట్లో తిండి వృథా అవుతోందనగానే అందరి చూపూ పిల్లల కంచం మీదికి పోతుంది. మెతుకు వదలకూడదని, అన్నం పరబ్రహ్మ స్వరూపమని వాళ్లకు చెబుతాం. కంచంలో పిల్లవాడు వదిలేది మహా అయితే ఒక ముద్ద. గిన్నెలో మిగిలి, రాత్రికి ఫ్రిజ్‌లో చేరి, మూడో రోజు మూత తీసి వాసన చూసి పారబోసేది అంతకంటే చాలా ఎక్కువ. ఆ మిగులుకు కారణం తిన్నవారు కాదు, బియ్యం కొలిచినవారు. అందువల్ల ఈ పనిని కంచం దగ్గర కాకుండా బియ్యం డబ్బా దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ముందు వారం రోజుల లెక్క

ఏ మార్పు చేసే ముందైనా ఒక వారం పాటు ఇంట్లో పారేస్తున్నదేమిటో రాసి చూడండి. చెత్తబుట్ట పక్కన ఒక చిన్న పుస్తకం, పెన్ను, వీలైతే వంటింటి తూకం యంత్రం ఉంటే చాలు. పారేసిన వస్తువు, దాని బరువు, పారేయడానికి కారణం అనే మూడు విషయాలూ రాయాలి. కారణం రాయడమే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే "ఎక్కువ వండాం", "ఫ్రిజ్‌లో వెనక్కి పోయింది", "చవకగా ఉందని రెండు కట్టలు కొన్నాం" అనే మూడింటికీ మందు వేరువేరుగా ఉంటుంది. మా ఇంట్లో ఈ లెక్క రాసినప్పుడు కూరగాయలే మొదటి స్థానంలో ఉంటాయని అనుకున్నాను. తీరా చూస్తే అన్నం మొదటిది, దోసెల పిండి రెండవది, కొత్తిమీర మూడవది అయింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశపు ఇళ్లలో తలకు ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోంది. తొక్కలు, ఎముకలు వంటి తినని భాగాలు కూడా ఇందులో కలిసి ఉన్నాయి. ఇంత పెద్ద లెక్కలు చదివిన పూట బాధ కలుగుతుంది గాని, మర్నాడు బియ్యం కొలిచే చెయ్యి మారదు. మన గిన్నెకు సంబంధించిన లెక్క మనమే వేసుకుంటే కొంత మారవచ్చు.

రోజుకు ఒక చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాముల అన్నం పారేస్తున్నామనుకుందాం. బియ్యం ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లు అవుతుంది గనుక, అది ఇంచుమించు 55 గ్రాముల బియ్యం. ఏడాదికి 20 కిలోలు. ప్రభుత్వం మిల్లర్లకు ధాన్యం ఇచ్చి పచ్చి బియ్యం తిరిగి తీసుకునేటప్పుడు క్వింటాలుకు 67 కిలోలని లెక్కకడుతుంది. ఆ లెక్కన 20 కిలోల బియ్యానికి 30 కిలోల వడ్లు కావాలి. 75 కిలోల బస్తాలు ఎకరానికి 30 దిగుబడి వచ్చిందనుకుంటే, ఆ 30 కిలోలు పండడానికి 65 చదరపు గజాల నేల, అంటే ఒక సెంటూ, ఇంకో సెంటులో మూడో వంతూ పట్టింది. నారు పోసిన దగ్గరి నుంచి కోత దాకా, ఒక పంటకాలమంతా ఆ మడి మన చెత్తబుట్ట కోసమే పండిందన్నమాట. కిలో వడ్లు పండడానికి వాన, కాలువ కలిపి సగటున 2,500 లీటర్ల నీరు పడుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. 30 కిలోలకు అది 75,000 లీటర్లు. హైదరాబాదులో ఎండాకాలం 5,000 లీటర్ల ట్యాంకరు కోసం ఎదురుచూసినవారికి పదిహేను ట్యాంకర్లంటే ఎంతో విడమరిచి చెప్పనక్కరలేదు.

బియ్యం కొలిచే పద్ధతి

సోల, తవ్వ, గిద్ద వంటి కొలపాత్రలు ఇళ్లలో ఉన్నప్పుడు, ఎంతమందికి ఎన్ని సోలలో వంటచేసేవారి నోటిమీద ఉండేది. ఇప్పుడు చేతికందిన స్టీలు గ్లాసే కొలత. ఆ గ్లాసు మారితే అన్నం మారిపోతుంది. కాబట్టి ఒక గ్లాసును ఎంచుకుని బియ్యం డబ్బాలోనే ఉంచేయండి, దాన్ని మరో పనికి వాడకండి. దానిలో ఎన్ని గ్రాముల బియ్యం పడతాయో ఒకసారి తూచి చూడండి. కూర, పప్పు, పెరుగుతో తినే పెద్దవారికి పూటకు 75 నుంచి 100 గ్రాముల బియ్యం సాధారణంగా సరిపోతాయి. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాములు పడతాయి గనుక, అది ఇద్దరికి తగిన కొలత అవుతుంది.

కొత్త బస్తా విప్పిన రోజున మాత్రం పాత కొలతను నమ్మవద్దు. ఏడాది నిల్వ ఉన్న పాత బియ్యం ఎసరు ఎక్కువ తీసుకుంటాయి, అన్నం బాగా ఒదుగుతుంది. కోత అయిన రెండు మూడు నెలలకే మరపట్టించిన కొత్త బియ్యానికి ఎసరు తగ్గించకపోతే అన్నం ముద్దవుతుంది, ముద్దయిన అన్నాన్ని ఎవరూ రెండోసారి వడ్డించుకోరు. బస్తా మారిన మొదటి రెండు రోజులూ ఒక పావు గ్లాసు తగ్గించి వండి, ఎసరు, ఒదుగు రెండూ చూసుకున్నాక కొలత ఖాయం చేసుకోవాలి.

మన ఇళ్లలో అన్నం మిగలడానికి అసలు కారణం తెలియకపోవడం కాదు, మొహమాటం. చుట్టాలు కూర్చున్నప్పుడు గిన్నె అడుగు కనిపించకూడదన్న పట్టింపుతో ఆరుగురికి పదిమంది అన్నం వండుతాం. ఈ పట్టింపును మానుకోమని నేను చెప్పను, దానికి ఒక ఉపాయం ఉంది. మొదటి విడతగా వచ్చినవారికి సరిపడా వండి, రెండవ విడతకు బియ్యం కడిగి నానబెట్టి పొయ్యి పక్కన ఉంచుకోండి. అవసరమనిపించిన క్షణంలో పొయ్యి మీద పెడితే, పప్పుతో ఒక వాయి తిని పులుసు దగ్గరికి వచ్చేలోగా వేడి అన్నం సిద్ధమవుతుంది. అవసరం రాకపోతే ఆ నానిన బియ్యాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటి దోసెల పిండిలో కలిపి రుబ్బుకోవచ్చు.

అయినా మిగిలితే

మిగిలిన అన్నం ఏం కావాలో రాత్రి పడుకునే ముందే నిర్ణయించాలి. "ఏదో ఒకటి చేద్దాంలే" అని మూతపెట్టిన గిన్నె చెత్తబుట్టకే పోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజరూపంలో ఉంటుంది, అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి గిన్నెలోనే ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినంత మాత్రాన పోదు. అందువల్ల మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడే వాడుకోవాలి, ఒక్కసారే పొగలు వచ్చేలా వేడిచేయాలి. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కుక్కర్‌లో ఉండిపోయిన అన్నాన్ని తాలింపు వేసి కాపాడాలని చూడవద్దు. పొదుపు కోసం కడుపు పాడుచేసుకోవడం పొదుపు కాదు.

చద్దన్నం చేసుకోదలచినవారు రాత్రి తాజాగా వండిన అన్నాన్నే చల్లార్చి, కుండలోనో పింగాణీ గిన్నెలోనో వేసి, మెతుకులు మునిగి పైన రెండు అంగుళాలు నిలిచేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక గరిటె పుల్లటి మజ్జిగ కలపాలి. తెల్లారేసరికి నీళ్లు కొద్దిగా తెల్లబడి, పుల్లని వాసన పట్టి ఉంటాయి. అందులో ఉప్పు వేసి మెదిపి, చిన్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పొద్దున్నే తినేయాలి. మెతుకు పట్టుకుంటే జిగురుగా తీగ సాగినా, కుళ్లు వాసన వచ్చినా పారేయాల్సిందే.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నానికి పులిహోర, దద్దోజనం, పోపన్నం ఉండనే ఉన్నాయి. నాకు వీటన్నిటికంటే ఎండాకాలంలో పెట్టే అన్నం వడియాలే ఇష్టం. మిగిలిన అన్నంలో ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి వేసి మెత్తగా పిసికి, తడిగుడ్డ మీద చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, గలగలలాడేదాకా ఎండబెడితే ఏడాది నిల్వ ఉంటాయి. గుప్పెడు అన్నం మిగిలినా అది పప్పన్నంలోకి నంజుకోవడానికి పనికొస్తుంది.

కూరగాయలు, పప్పులు, పెరుగు

కూరగాయల విషయంలో సగం వృథా సంచిలోనే మొదలవుతుంది. కొత్తిమీర కట్టను తడితో సంచిలో చుట్టి పెడితే మూడో రోజుకు కుళ్లుతుంది. వేళ్లు కోసి, ఆకు ఆరబెట్టి, కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే వారం దాటి ఉంటుంది. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి పెట్టాలి. ఉల్లి, బంగాళాదుంపలను వేర్వేరు బుట్టల్లో గాలి తగిలేచోట ఉంచాలి.

బీరకాయ పొట్టు పచ్చడి చేసేవారికి తొక్క వృథా అన్న మాటే తెలియదు. కాయను ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి బాగా కడిగి, గట్టి ఈనెలను ముందుగా చెక్కి తీసేయాలి. వాటి కింద వచ్చే మెత్తని ఆకుపచ్చ పొట్టును నూనెలో పచ్చివాసన పోయి ముడుచుకునేదాకా వేయించి, వేయించిన శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కొద్దిగా చింతపండు, ఉప్పుతో కలిపి కచ్చాపచ్చాగా నూరితే, కూర ఒక పూటకు, పచ్చడి రెండో పూటకు వస్తాయి. సొరకాయ, పచ్చి అరటికాయ తొక్కలకూ ఇదే పద్ధతి. అయితే సొరకాయ, బీరకాయల ముక్క ముందుగా నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే నిర్మొహమాటంగా పారేయాలి, ఆ చేదు ప్రమాదకరం. ఆకుపచ్చబడిన బంగాళాదుంప కూడా అంతే.

బొంబాయిరవ్వ కొన్న రోజునే దోరగా వేయించి పెడితే పురుగు పట్టదు. పప్పులు, బియ్యం కొత్తవి తెచ్చినప్పుడు డబ్బా ఖాళీ చేసి, కొత్తవి అడుగున, పాతవి పైన వచ్చేలా పోయాలి. పుల్లబడిన పెరుగుకు మజ్జిగ పులుసు, చల్ల మిరపకాయలు ఉన్నాయి. స్టీలు గిన్నెకు స్టీలు మూత పెట్టి ఫ్రిజ్‌లో దాస్తే లోపల ఏముందో పెట్టినవారికి తప్ప తెలియదు, వారు మరచిపోతే ఎవరికీ తెలియదు. మిగిలినవన్నీ గాజు డబ్బాల్లో, కంటికెదురుగా ఉండే ఒకే అరలో పెట్టి, ఆ అర ఖాళీ అయ్యేదాకా కొత్త కూర వండకూడదన్న నియమం పెట్టుకుంటే ఫ్రిజ్ దానంతటదే చక్కబడుతుంది.

బకెట్టులో వరి

అన్నం ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు చెప్పడానికి ఉపన్యాసం కంటే ఒక పాత బకెట్టు నయం. 1999లో మొదలైన రైతుబజార్లకు వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, వంకాయలు అమ్మే రైతును "ఏ ఊరు, ఎప్పుడు కోశారు?" అని అడగనివ్వడం కూడా మంచిదే. కానీ బియ్యం రైతుబజారులో కొన్నా బస్తాలోనే వస్తాయి, వరి పైరు కనిపించదు.

ముందుగా వాళ్లచేత వంటింటి బియ్యం నాలుగు గింజలు తడిమట్టిలో నాటించండి. అవి మొలవవు, ఎందుకంటే మరలో పొట్టుతోపాటు మొలకెత్తే భాగమూ పోయింది. ఆ తర్వాత తెలిసిన రైతు దగ్గరో విత్తనాల దుకాణంలోనో గుప్పెడు వడ్లు తీసుకోండి. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంటియు 1010 రకం అయితే ఇంచుమించు 120 రోజుల్లో కోతకు వస్తుంది. దాన్ని కాటన్‌దొర సన్నాలు అని కూడా అంటారు. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పూర్తిచేయించిన ఆర్థర్ కాటన్ పేరే అది. ఆ కాలువ నీళ్లతో పండే చేలల్లో ఆయన పేరున్న వడ్లే మొలవడం చూస్తే నాకెందుకో ముచ్చటగా ఉంటుంది.

వడ్లను ఒక రోజంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మరో రోజు ఉంచితే తెల్లని మోసులు వస్తాయి. దీన్నే మండె కట్టడం అంటారు. వాటిని ఒక పళ్లెంలోని బురదలో చల్లి, 25 రోజులయ్యాక నారు పీకి, మట్టి, పశువుల ఎరువు కలిపి నింపిన బకెట్టులో మూడు చోట్ల, చోటుకు రెండేసి మొక్కలు నాటాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉండాలి గాని, నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయి గనుక వారానికొకసారి వంపేయాలి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి. లోపలి కంకితో కాండం ఉబ్బి పొట్ట వచ్చాక, ఆ కంకి బయటికి వచ్చే వారం పిల్లలు బడి నుంచి రాగానే బకెట్టు దగ్గరికే పోతారు.

కంకులు వంగి బంగారు రంగు వచ్చాక కోసి, రెండు రోజులు ఎండబెట్టి, చేతితో దూసి, రోట్లో మెల్లగా దంచి, చేటలో చెరగాలి. నాలుగు నెలల కాపలాకు వచ్చే బియ్యం ఒక గుప్పెడు, ఒక్కోసారి అంతకూడా ఉండదు. వాటిని వండుకోవాలా, లేక దంచకుండానే కంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం వసారా చూరుకు కట్టాలా అన్నది పిల్లలనే తేల్చుకోనివ్వండి.