సిమ్ కనిపిస్తోంది, నెట్ మాత్రం రాదు: ఉబుంటులో మోడెమ్ తాళం తీసిన వైనం

ల్యాప్‌టాప్‌లో సిమ్ స్లాట్ ఉంది కదా, ఇక హాట్‌స్పాట్ గొడవ ఉండదనుకున్నా. ఉబుంటులో (ఇదో లైనక్స్ సిస్టమ్) సిమ్ పేరు కనిపించింది కానీ, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఆన్ చేస్తే క్షణంలో ఆఫ్ అయిపోయేది. అదే సిమ్ ఫోన్‌లో శుభ్రంగా పనిచేస్తోంది.

టెర్మినల్‌లో ఎంఎంసీఎల్ఐ (mmcli) కమాండ్‌తో మోడెమ్ వివరాలు, అంటే సిమ్‌తో నెట్‌వర్క్‌కి కలిపే భాగం వివరాలు తీశాను. స్టేట్ 'డిసేబుల్డ్', పవర్ స్టేట్ 'లో' (low), అంటే తక్కువ పవర్. అసలు కిటుకు ఆ రెండో లైన్‌లోనే ఉంది. డ్రైవర్ ఉంది, సిమ్ చదువుతోంది, రేడియో మాత్రం లేవనంటోంది. దీన్ని ఎఫ్‌సీసీ లాక్ అంటారు. ఎఫ్‌సీసీ అంటే అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ. కొన్ని ల్యాప్‌టాప్ కంపెనీలు అమెరికా రేడియో నిబంధనల కోసం మోడెమ్‌కి ఈ తాళం వేస్తాయి. విండోస్‌లో వాళ్ల సాఫ్ట్‌వేరే దాన్ని తీసేస్తుంది. లైనక్స్‌లో మోడెమ్‌ని నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ 1.18.4 వెర్షన్ నుంచి మనం అనుమతిస్తేనే తీస్తుంది. ఇక్కడ వాడే ల్యాప్‌టాప్‌కి అమెరికా తాళమేంటో!

తాళంచెవి సిస్టమ్‌లోనే ఉంది. యూఎస్ఆర్, షేర్, మోడెమ్‌మేనేజర్ కింద 'ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డి' ఫోల్డర్‌లో స్క్రిప్టులుంటాయి. వాటి పేర్లు మోడెమ్ ఐడీలే. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌లో నా మోడెమ్ ఐడీ చూసుకుని, ఆ స్క్రిప్టుకి ఈటీసీ, మోడెమ్‌మేనేజర్ కింది 'ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డి'లో సుడోతో (అడ్మిన్ అనుమతితో) సింబాలిక్ లింక్, అంటే షార్ట్‌కట్ లాంటిది, పెట్టాను. మోడెమ్ యూఎస్‌బీ కాకుండా పీసీఐ రకమైతే ఐడీని ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్‌లో చూడాలి.

మోడెమ్‌మేనేజర్ సర్వీస్ రీస్టార్ట్ చేయగానే పవర్ స్టేట్ 'ఆన్'! జియో సిమ్ కాబట్టి ఏపీఎన్ (నెట్‌కి కలిపే సెట్టింగ్) దగ్గర జియోనెట్ (jionet) అని ఇచ్చా, నెట్ వచ్చేసింది. మీ ఐడీతో స్క్రిప్టు లేకపోతే వేరే స్క్రిప్టు పేరు మార్చి పెట్టకండి. ముందు మోడెమ్‌మేనేజర్ కొత్త వెర్షన్ వేసి చూడండి.