నీళ్లు నిలిచే లాన్‌ను బాగుచేయడం

లాన్‌లో గడ్డి మచ్చలు మచ్చలుగా పోతుంటే నర్సరీకి పరుగెత్తకండి, ముందు నేలను చూడండి. నల్లగొండలో మా ఇంటి ముందు వాన వెలిశాక కూడా నీళ్లు నిలిచే చోటల్లా తుంగ మొలిచేది. తుంగ ఎక్కువగా ఉంటే అక్కడ తడి ఆరడం లేదేమోనని అనుమానించాల్సిందే.

అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. అంగుళం కూడా దిగకపోతే కింద అడ్డు ఉందని అర్థం. మా గుంతలో జానెడు లోతున ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు బయటపడ్డాయి. వాటిమీద పరిచిన ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. అలాంటివి తీయనిదే ఏ ఎరువు వేసినా దండగే.

నేల ఇంటివైపు కాకుండా బయటికి వాలేలా మట్టి సర్దండి. వంద అడుగులకు ఒకటి, రెండు అడుగుల వాలు చాలు.

గట్టిపడిన చోట, నేల చెమ్మగా ఉన్నప్పుడు, పళ్లున్న ఫోర్కును నాలుగు అంగుళాలు గుచ్చి కాస్త ఊపి తీయండి. బురదలో మాత్రం వద్దు, ఇంకా బిగుసుకుంటుంది. ఆ రంధ్రాల్లోకి ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి ఊడ్చండి. నల్లరేగడి అయితే ఎరువే ఎక్కువ వేయండి.

తుంగను గడ్డలతో సహా తవ్వి తీశాక, జూన్, జూలై వానల్లో గరిక నాటండి. రెండు మూడు కణుపులున్న ముక్కను, కణుపులు మట్టిలో, కొన బయట ఉండేలా నొక్కాలి. దట్టమైన వేపనీడలో గరిక నిలవదు, ఆ చోటు వదిలేయండి.