పుస్తకం తెరవకముందే రాయండి

హన్మకొండలో డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఇంటర్‌లో గంటలకొద్దీ బట్టీ పట్టి, ప్రశ్న కాస్త మారితే చేతులెత్తేసేదాన్ని. ఇప్పుడు నేను చదివే పద్ధతి ఇది, మీరూ చేసి చూడండి.

పాఠం తెరవకముందే నోట్‌బుక్ ఎడమ పేజీలో మీ ఊహ రాయండి. పెన్నుతోనే రాయండి. చెరిపేస్తే ఆలోచన ఎక్కడ దారి తప్పిందో తర్వాత కనపడదు. సాంద్రత పాఠానికి నేను రామప్ప గుడిని పట్టుకున్నాను. 1213 నాటి ఆ గుడి శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. ఎందుకు? "మట్టి వేరేదేమో" అని రాశాను. అదే చెల్లెకు చెప్తుంటే, "ఆ ఇటుకలకు దోశకున్నట్టు బొక్కలుంటాయా అక్కా?" అంది. ఒక్కసారిగా ఆగిపోయాను. అవును, సన్నటి రంధ్రాల్లో గాలి! చోటు ఎక్కువ, బరువు తక్కువ. అందుకే ఘన సెంటీమీటరుకు 1 గ్రాము లోపే, అంటే నీళ్లకన్నా తక్కువ. కుడి పేజీలో అది రాసి, పక్కన దోశ బొమ్మ గీశాను.

అందుకే చదివింది ఎవరికైనా నోటితో చెప్పండి. తడబడిన చోట గీత గీయండి, మళ్లీ చదవాల్సింది అంతవరకే.

ప్రశ్న ఎంతకీ తెగకపోతే టెన్షన్ పడకుండా లేచి నడవండి. నేనైతే ఫోన్ ఇంట్లో పెట్టి భద్రకాళి చెరువు కట్ట మీదికి వెళ్తాను. రాగానే తోచింది రాసేయండి. రెండు రోజులాగి, అదే ప్రశ్నకు పుస్తకం చూడకుండా జవాబు రాసి, పాత ఎడమ పేజీతో పోల్చుకోండి.