చెరువు గట్టు మీద వాడే యాప్‌లో వేలి తాకిడిని సరిగ్గా గుర్తించడం ఎలా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుల కోసం ఫ్లట్టర్‌లో (ఫోన్ యాప్‌లు రాసే గూగుల్ సాధనం) యాప్ రాస్తున్నారనుకోండి. తెర మీద చెరువుల జాబితా ఉంటుంది. పైకీ కిందకీ తోస్తే జాబితా కదలాలి, ఒక చెరువు కార్డును పక్కకు జరిపితే నిన్నటి రీడింగులు రావాలి, నొక్కి పట్టుకుంటే ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే మోటారు) ఆపే అవకాశం కనిపించాలి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ పొరపాటున ఆగితే పంటే పోవచ్చు. కాబట్టి ఇక్కడ వేలి కదలికను తప్పుగా అర్థం చేసుకోవడం చిన్న విషయం కాదు.

1. ముందు కాగితం మీద పంచండి

ఏ కదలిక ఎవరిదో కోడ్ ముట్టుకోకముందే రాసుకోండి: నిలువుగా తోస్తే జాబితాది, అడ్డంగా జరిపితే కార్డుది, నొక్కి పట్టుకుంటే ఏరియేటర్‌ది. ఒకే కదలికకు ఇద్దరు హక్కుదారులు కనిపిస్తే డిజైన్ మార్చండి. దాన్ని తర్వాత కోడ్‌తో సర్దడం చాలా కష్టం.

2. తాకిడి ఎవరికి చేరుతుందో చూడండి

వేలు తెరను తాకగానే ఫ్లట్టర్ హిట్ టెస్ట్ చేస్తుంది, అంటే ఆ వేలి కింద ఏ విడ్జెట్లు (తెర మీది భాగాలు) ఉన్నాయో వెతుకుతుంది. ధవళేశ్వరంలో వదిలిన నీరు పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి బోదెకు దిగినట్టు, ఈ వెతుకులాట బయటి విడ్జెట్ నుంచి లోపలి విడ్జెట్‌కు దిగుతుంది. దొరికిన వరుసకు తాకిడి సమాచారం లోపలి నుంచి బయటికి అందుతుంది. ఆ వరుస వేలు దిగినప్పుడే ఖాయమవుతుంది. తర్వాత వేలు కార్డు దాటి పోయినా సమాచారం మాత్రం ఆ వరుసకే వెళ్తుంది.

కార్డులో ఖాళీ చోట నొక్కితే పలకడం లేదా? వేలి కదలికలను గుర్తించే జెశ్చర్‌డిటెక్టర్ విడ్జెట్‌కు బిహేవియర్‌ను ఓపేక్ అని ఇవ్వండి, ఖాళీ చోటు కూడా పలుకుతుంది.

3. పోటీని అర్థం చేసుకోండి

అసలు పని ఇక్కడే. ఒకే వేలి కోసం ట్యాప్ (నొక్కడం), లాంగ్ ప్రెస్ (నొక్కి పట్టుకోవడం), అడ్డం డ్రాగ్, నిలువు డ్రాగ్ (జరపడం) అన్నీ జెశ్చర్ అరీనా అనే బరిలో పోటీ పడతాయి. మామూలు లెక్కలు ఇవి: వేలు 18 లాజికల్ పిక్సెళ్లు (ఏ ఫోన్ తెర మీదైనా దాదాపు ఒకే సైజుగా ఉండే కొలత) దాటి కదిలితే ట్యాప్ తప్పుకుంటుంది. అడ్డం, నిలువు డ్రాగ్‌లలో తన దిశలో ఆ 18 ముందుగా దాటినదే గెలుస్తుంది. కదలకుండా 500 మిల్లీసెకన్లు నొక్కి ఉంచితే లాంగ్ ప్రెస్.

కార్డుకు ఆన్‌ప్యాన్ (ఏ దిశలో జరిపినా పట్టుకునేది) పెట్టకండి. ప్యాన్ గెలవాలంటే 36 పిక్సెళ్లు కదలాలి. గట్టు మీద రైతు ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని బొటనవేలితో జరుపుతాడు, ఆ వేలు వంపుగా కదులుతుంది. ఆ వంపులో నిలువు భాగం 18 దాటితే చాలు, జాబితాయే గెలుస్తుంది. ఆన్‌హారిజాంటల్‌డ్రాగ్ వాడితే కార్డుకు సమాన అవకాశం ఉంటుంది.

ఆన్‌ట్యాప్ పక్కన ఆన్‌డబుల్‌ట్యాప్ కూడా పెడితే, రెండో నొక్కు వస్తుందేమోనని మొదటిది 300 మిల్లీసెకన్లు ఆగుతుంది. యాప్ స్లో అనిపించేది అందుకే. నా మాట వింటే డబుల్ ట్యాప్ తీసేయండి.

తాకిడి సమాచారాన్ని ఉన్నదున్నట్టు అందుకునే లిజనర్ విడ్జెట్ ఈ పోటీలో చేరదు. ఎవరు గెలిచినా దానికి సమాచారం వస్తూనే ఉంటుంది. కాబట్టి ఏరియేటర్ ఆపడం లాంటి నిర్ణయాన్ని అందులో ఎప్పుడూ రాయకండి.

4. రద్దును వదిలేయకండి

ఆన్‌ట్యాప్‌డౌన్‌లో (నొక్కు మొదలైనప్పుడు) కార్డు రంగు మార్చితే, ఆన్‌ట్యాప్‌క్యాన్సిల్‌లో (నొక్కు రద్దయినప్పుడు) వెనక్కి మార్చండి. డ్రాగ్ గెలిచినా, తాకిడిని సిస్టమ్ లాగేసుకున్నా ట్యాప్ మధ్యలోనే ఆగిపోతుంది.

5. తడి చేతితో పరీక్షించండి

మేత చల్లి వచ్చిన రైతు చేతికే ఫోన్ ఇవ్వండి. కొన్ని ఫోన్లలో తెర మీద నిలిచిన నీటి బొట్టు కదలని వేలిలా కనిపిస్తుంది, అంటే లాంగ్ ప్రెస్‌లా! అందుకే లాంగ్ ప్రెస్‌తో మోటారు నేరుగా ఆగకూడదు. 'ఆపమంటారా?' అని అడిగే పెట్టె రావాలి, అందులోని బటన్లు కనీసం 48 పిక్సెళ్లు ఉండాలి.

ఎక్కడ తప్పుతోందో తెలియకపోతే డీబగ్‌ప్రింట్‌జెశ్చర్‌అరీనాడయాగ్నస్టిక్స్ అనే ఫ్లట్టర్ సెట్టింగ్‌ను ట్రూ చేయండి. అరీనాలో ఎవరు చేరారో, ఎవరు గెలిచారో కన్సోల్‌లో వరుసగా వస్తుంది. కార్డు డ్రాగ్ చేరి ఓడిపోతుంటే మూడో అంచెలో వెతకండి. అసలు చేరకపోతే లోపం రెండో అంచెలో ఉంది.