రూట్ కెనాల్ సాధన, 5వ పాఠం: ఏ ఫైలు కొన దాటి ఎంత తోస్తుంది?

పని పొడవు (ఫైలు కాలువలో దిగాల్సిన లోతు) కొలవడం కిందటి పాఠంలో అయింది. ఇప్పుడు ఫైళ్లను, అంటే పంటి వేరు కాలువను గీకి శుభ్రం చేసే సన్నని పనిముట్లను, రెండు ప్రశ్నలతో పరీక్షిద్దాం. డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) రజనును వేరు కొన అవతలికి ఎంత తోస్తుంది? చికిత్స తర్వాతి నొప్పికి ఇదో ముఖ్య కారణం. క్రిములను చంపే కడుగు ద్రవం హైపోక్లోరైట్ దిగడానికి ఎంత చోటిస్తుంది? ఇన్‌ఫెక్షన్ సంగతి తేలేది ఇక్కడ.

చేత్తో వాడే స్టీల్ కె-ఫైలు కొన నుంచి పైకి ప్రతి మిల్లీమీటరుకూ 0.02 మి.మీ. లావెక్కుతుంది. సన్నని కాలువలో మొదటి దారి వెతకడానికి 10, 15 నంబర్లే (కొన లావు 0.10, 0.15 మి.మీ.) దిక్కు, మోటారుకు తొందరపడకండి. అయితే పైకీ కిందికీ రుద్దితే పిస్టన్‌లా రజనును, క్రిములను కొన దాటిస్తుంది. 25 నంబరు దాటాక బిరుసెక్కి, వంపులో లెడ్జ్ (గోడలో తప్పుడు మెట్టు) కొడుతుంది.

మోటారుతో గుండ్రంగా తిరిగే నికెల్-టైటానియం రోటరీ ఫైళ్ల మెలికలు తిరుగుతూ రజనును పైకి తోడేస్తాయి. అందుకే చేతి ఫైళ్లతో పోలిస్తే మొదటి ఒకటి రెండు రోజుల నొప్పి సాధారణంగా తక్కువ. మెలికలు నిండాక మాత్రం ఇదీ కిందికే తోస్తుంది. మూడు నాలుగు సార్లు తాకించగానే బయటికి తీసి గాజుగుడ్డతో తుడవండి, కాలువ కడగండి, 10 నంబరుతో దారి సరిచూడండి.

ఈ లెక్క నోట్సులో రాసుకోండి. 25 నంబరు కె-ఫైలు, ప్రోటేపర్ ఎఫ్2 అనే రోటరీ ఫైలు రెండింటి కొనా 0.25 మి.మీ.లే. కొనకు 3 మి.మీ. పైన కె-ఫైలు చేసిన దారి 0.31, ఎఫ్2ది 0.49. ద్రవం వదిలే 30 గేజ్ సూది లావు సుమారు 0.31. అంటే మొదటి దారిలో సూది బిగుసుకుంటుంది, ద్రవానికి వెనక్కి వచ్చే తోవ ఉండదు. అప్పుడు నొక్కితే హైపోక్లోరైట్ ఎముకలోకి పోతుంది. రోగికి భరించలేని నొప్పి, వాపు. పక్కకు రంధ్రమున్న సూదిని బిగుసుకోనీయకుండా, పని పొడవుకు 2 మి.మీ. పైనే ఉంచి కదిలిస్తూ, మెల్లగా వదలాలి.

రెసిప్రోక్ ఆర్25 అనే మోటారు ఫైలు అపసవ్యంగా కోసి కాస్త వెనక్కి తిరుగుతుంది కాబట్టి విరిగే భయం తక్కువ. అది ఎక్కువ రజను తోస్తుందా అన్నదానిపై అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. మామూలు రోటరీ మోడ్‌లో పెడితే అసలు కోయదు, మోటారు సెట్టింగు చూసుకోండి.

ఏ ఫైలైనా గోడ మొత్తాన్ని తాకదు. మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తాకకుండానే మిగులుతుందని మైక్రో-సీటీ (అతి సూక్ష్మమైన ఎక్స్-రే స్కాన్)లో కనబడింది. అక్కడి క్రిములను చంపేది ద్రవమే. ఫైలు దానికి దారి మాత్రం వేస్తుంది.

సాధన: అమాల్గం (పాదరసం కలిసిన ఫిల్లింగ్) లేని, ఊడదీసిన ఒంటివేరు ప్రీమోలార్లు (కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడపళ్లు) రెండు, పొడవు సమానమైనవి, ఆటోక్లేవ్ చేసి తీసుకోండి. చిన్న గాజు సీసాల మూతలకు రంధ్రం చేసి, వేరు కిందికి వచ్చేలా ఒక్కోదాన్ని బిగించండి. ఒకటి కె-ఫైళ్లతో, ఇంకొకటి రోటరీతో చేసి సీసాల అడుగున ఏం పడిందో ఆరబెట్టి తూచి చూడండి. కడగడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి. హైపోక్లోరైట్ ఆరాక దాని స్ఫటికాలు కూడా రజనుతో కలిసి బరువు తూగుతాయి, లెక్క తప్పుతుంది.