ఫోనులో హాయిగా చదవగలిగే సైటు: చిన్న దుకాణానికి ఎలా చేసుకోవాలి?

మా పిన్నికి తెనాలిలో చిన్న పచ్చళ్ల దుకాణం ఉంది. దానికి ఒక సైటు కూడా ఉంది. పదేళ్ల కిందట ఎవరో చేసిపెట్టారు. కంప్యూటర్‌లో తెరిస్తే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మీ సైటులో ధరలు కనపడటం లేదండీ, అరకిలో గోంగూర ఎంత?" అని అడిగింది. "అందులోనే రాశాం కదమ్మా" అంది పిన్ని. తర్వాత తన ఫోనులో తెరిచి చూసుకుంది. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. రెండు వేళ్లతో పెద్దవి చేస్తే వరుసలో సగం తెర బయటికి జారిపోతోంది. ఫోన్ నంబరు ఒక బొమ్మలో ఉంది, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ ఆ అంకెలను కాగితం మీద రాసుకుని మరీ ఫోన్ చేసిందన్నమాట. అంత ఓపిక లేనివాళ్లు ఎందరు వెనక్కి వెళ్లిపోయారో!

ఆ సైటును బాగుచేస్తూ నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

అసలు మీకు సైటు కావాలా?

అందరికీ అక్కర్లేదు. వీధి చివరి ఇడ్లీ బండికీ, కాలనీలోని ఇస్త్రీ దుకాణానికీ సైటు దండగ. గూగుల్ మ్యాప్స్‌లో ఉచితంగా నమోదు చేసుకుని, వాట్సాప్ బిజినెస్‌లో ధరల జాబితా పెట్టుకుంటే సరిపోతుంది. పొరుగూళ్లకు పార్సిళ్లు పంపేవాళ్లకు, ఫంక్షన్ హాళ్లకు, లాడ్జీలకు మాత్రం కావాలి. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు గుమ్మం తొక్కకముందే బేరం తేల్చుకుంటారు, అదీ చేతిలోని ఫోనులోనే.

ఇంకో మాట. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాప్స్‌లో దుకాణానికి ఉండే నమోదుతో) పాటు ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో మూసేసింది. మీ విజిటింగ్ కార్డు మీద ‘బిజినెస్.సైట్’ అని ముగిసే చిరునామా ఉంటే, కార్డులు మళ్లీ అచ్చు వేయించుకోండి.

1. ఇంట్లో ఉన్న పాత ఫోనుతో పరీక్షించండి

వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో సైటు తెరవండి. ఫోనును మీ సైటు ఎప్పుడూ చూడని మనిషి చేతికి ఇచ్చి మూడు పనులు చెప్పండి: ఒక వస్తువు ధర చూడాలి, దుకాణం ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోవాలి, ఫోన్ కలపాలి. ఆ తర్వాత నోరు విప్పకండి. ఎక్కడ వేలు తచ్చాడుతుందో రాసుకోండి. ఏం బాగుచేయాలో ఆ కాగితమే చెబుతుంది.

ఆ తర్వాత గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో మీ చిరునామా ఇచ్చి, మొబైల్ విభాగం చూడండి. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు. ‘మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్’ వాడమని పాత వ్యాసాలు చెబుతాయి. దాన్ని 2023 డిసెంబరులోనే తీసేశారు, వెతికి ప్రయోజనం లేదు.

2. అక్షరాలు ఎందుకు చిన్నవవుతున్నాయో చూడండి

ఫోనులోని బ్రౌజర్ ఏ సూచనా లేని పేజీని కంప్యూటర్ కోసం చేసినదనుకుంటుంది. సుమారు 980 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పుతో దాన్ని గీసి, అరచేతి తెరలో పట్టేలా కుదిస్తుంది. పిన్ని సైటు జబ్బు ఇదే. ‘తెర వెడల్పు ఎంతో పేజీ వెడల్పూ అంతే’ అని చెప్పే ‘వ్యూపోర్ట్’ అనే ఒక్క వరుస పేజీ కోడ్ తలభాగంలో ఉండాలి. సైటు చేసినవారికి అది నిమిషం పని.

కానీ వెడల్పు బిగించి గీసిన పట్టికలు ఉంటే ఆ వరుస చేర్చాక పేజీ పక్కకు జరుగుతుంది. అప్పుడు తెరను బట్టి సర్దుకునే అమరిక కావాలి. దీన్నే ‘రెస్పాన్సివ్’ అంటారు. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైటయితే అలాంటి థీమ్‌కు, అంటే తయారుగా దొరికే అమరికకు, మార్చుకుంటే చాలావరకు తీరిపోతుంది. ఫోను కోసం విడిగా ఇంకో సైటు చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒకదానిలో ధర పెంచి రెండోదానిలో మరచిపోతారు.

3. నొక్కితే పని జరగాలి

నంబరు అక్షరాల్లో ఉండాలి, నొక్కగానే డయల్ కావాలి. వాట్సాప్ లింకులో నంబరుకు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, సున్నా ఉండకూడదు. బటన్లు బొటనవేలికి అందేంత పెద్దవిగా, మధ్య ఖాళీతో ఉండాలి.

డబ్బు చెల్లించడానికి క్యూఆర్ బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకునే దుకాణాలు ఉన్నాయి. తన ఫోను తెర మీది బొమ్మను అదే ఫోను కెమెరాతో ఎలా స్కాన్ చేస్తారు? యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో కూడా ఇవ్వండి.

4. ఫొటోల బరువు తగ్గించండి

ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుందాం. పన్నెండు జాడీలు పెడితే 48 ఎంబీ. అవన్నీ దిగేలోపు కొనేవారి మనసు మారుతుంది. ‘స్క్వూష్’ అనే ఉచిత సాధనం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులో వెడల్పు 1000 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలో దాచండి. ఒక్కొక్కటి 150 కేబీ దాటకుండా చూసుకోండి.

5. తెలుగు అక్షరాల సంగతి

దీనితోనే నాకు ఎక్కువ రోజులు పట్టింది. కరపత్రం డీటీపీ చేసినవారి దగ్గర ఫైలు తీసుకుని అందులోని మాటలు సైటులో అతికించాను. వచ్చింది తెలుగు కాదు, గజిబిజి గుర్తులు. మన డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల అను ఫాంట్లతో టైపు చేస్తారు. ఆ అక్షరాలు ఆ ఫాంట్ ఉన్నచోటే తెలుగులా కనిపిస్తాయి. ఏ ఫోనులోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఎక్కడైనా ఎగిరిపోయాయేమో ఒక్కో వరుసా చదివి సరిచూసుకోవాలి. తొందరపడి కరపత్రాన్నే బొమ్మగా పెట్టేయకండి. చిన్న తెర మీద దాన్ని చదవలేరు, గూగుల్‌లో వెతికినా అందులోని పేర్లు దొరకడం కష్టం.

ఫాంట్‌కు ‘నోటో సాన్స్ తెలుగు’ చాలు, ఉచితం. పరిమాణం 16 పిక్సెళ్లకు తగ్గించకండి. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఎడం ఇవ్వండి. ‘గోంగూర’ అని తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాయండి. డల్లాస్‌లో పెరిగిన పిల్లలు ఇంగ్లిషు అక్షరాలతోనే వెతుకుతారు.

6. కంప్యూటర్‌లో ఉన్నవన్నీ ఫోనులోనూ ఉన్నాయా?

తెర చిన్నది కదా అని పార్సిల్ ఛార్జీల వివరాలను ఫోనులో తీసేసేవారు ఉంటారు. గూగుల్ తన వెతుకులాట జాబితాలోకి సైట్లను ఫోనులో కనిపించే రూపంతోనే నమోదు చేసుకుంటుంది. ఈ పద్ధతిని 2016లో ప్రకటించి, 2023 అక్టోబరుకు పూర్తిచేసింది. ఫోనులో లేనిది గూగుల్ లెక్కలో లేనట్టే.

7. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి

పిన్ని సైటు డొమైన్, అంటే సైటు చిరునామా, దాన్ని చేసిపెట్టినాయన ఈమెయిల్‌తో నమోదైంది. ఆయన నంబరు మారింది. దాన్ని మా పేరు మీదికి తెచ్చుకునేసరికి ఆవకాయ సీజను కాస్తా అయిపోయింది. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే చోటు) రెండూ మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

ఇప్పుడు సైటంతా ఒకే పేజీ. పైన నంబరు, వేళలు. కింద ధరలు, ఏ రోజు ధరలో తేదీతో సహా. మిరపకాయల రేటు పెరిగినప్పుడు పిన్ని కౌంటర్ దగ్గర నిలబడే తన ఫోనులో అంకె మారుస్తుంది. మార్చాక, పార్సిళ్లు కట్టే అబ్బాయి పాత ఫోను అడిగి తీసుకుని అందులో తెరిచి చూస్తుంది.