చదువు రాని పేషెంట్లకి మందులు ఎట్లా చెప్పాలంటే

తిరుపతిలో మందుల షాపులో కూర్చునే తమ్ముళ్ళకి ఒక మాట, మాత్రలిచ్చి "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దబ్బా. నలుగురి ముందు తెలీలేదని ఎవరు చెప్తారు, తలూపి పోతారు అంతే. దానికి బదులు "అవ్వా, నేను సరిగ్గా చెప్పినానో లేదో, ఇంట్లో కోడలు అడిగితే ఏం చెప్తావో చెప్పు" అనండి. ఒకామె నాకు "తెల్లది పొద్దన్నే, ఇంకోటి రాత్రికి" అని టకటకా చెప్పేసింది, చూస్తే రెండూ తెల్లవే! అప్పట్నుంచి రంగు గుర్తులు మానేసినా, ఎట్లాగూ కంపెనీ మారితే రంగూ మారిపోతాది.

ఇప్పుడు కవరు మీద స్కెచ్ పెన్నుతో పొద్దుకి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీసి, ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు పెడతా. చీటీలో రాసే బీడీ (రోజుకి రెండుసార్లు), టీడీఎస్ (రోజుకి మూడుసార్లు) లాంటి మాటలు మన దగ్గరే ఉంచుకుని "సంగటి తిన్నాక ఈ షుగర్ మాత్ర", "థైరాయిడ్‌ది లేవగానే నీళ్ళతో, అరగంట దాకా కాఫీ వద్దు" అనాలి. చిత్తూరు వైపు తమిళం మాట్లాడేవాళ్ళొస్తే ఆ నాలుగు ముక్కలు తమిళంలోనే చెప్పండి.

సిరప్ అయితే వంట స్పూన్ వద్దని చెప్పి మూతలో 5 ఎంఎల్ గీత మీద గోరుతో చూపించండి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకి కొంచెం కొంచెం కాదు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాసుంటే ఇంకా జాగ్రత్త, అది వారానికి ఒక్కరోజే, రోజూ మింగితే ప్రాణం మీదికొస్తాది, అందుకే వారంలో ఏ రోజో వాళ్ళ నోటితోనే చెప్పించుకుని కవరు మీద పెద్దగా రాసి, ఇంట్లో చదివేవాళ్ళకి ఫోన్ కూడా చేసి చెప్పండి.